స్కానింగు ప్రోబుల శుద్ధి : గోడ మీద లేని రెండవ బోర్డు

మన తెలుగు రాష్ట్రాలలో ఏ స్కానింగు కేంద్రానికి వెళ్ళినా గోడ మీద ఒక బోర్డు కనిపిస్తుంది. గర్భస్థ శిశువు ఆడో మగో ఇక్కడ చెప్పబడదని, అలా చెప్పడం చట్టరీత్యా నేరమని ఆ బోర్డు తెలుపుతుంది. 1994లో చేసిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం వలన అది అక్కడికి వచ్చినది. ఆ చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండు కేంద్రమూ, అందులోని యంత్రాలూ నమోదు కావాలి. పరీక్ష చేయించుకొన్న ప్రతి గర్భిణి వివరాలను ఫారం ‘ఎఫ్’లో నింపి, రెండేళ్ళపాటు భద్రపరచాలి. ఆడశిశువుల ప్రాణాలను కాపాడడానికి ఈ కట్టుదిట్టాలు అవసరమే. వాటిని సడలించమని ఎవరూ కోరరాదు.

అయితే అదే గదిలో, అదే యంత్రానికి అమర్చిన ప్రోబు ఒక స్త్రీ శరీరం లోపలికి వెళ్ళి, బయటకు వచ్చి, కొద్ది నిమిషాలలో మరొక స్త్రీ శరీరం లోపలికి వెళ్తుంది. ఆ రెండింటి నడుమ ప్రోబును ఏ విధంగా శుద్ధి చేశారో తెలిపే బోర్డు మాత్రం సాధారణంగా ఏ గోడ మీదా కనిపించదు. ఆ రెండవ బోర్డు కూడా ఉండాలని, అది లేనిచోట అడిగే హక్కు మీకు ఉన్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. ఇది చదివి స్కానింగులు మానివేయవద్దు. అల్ట్రాసౌండు పరీక్షలో ఎక్స్-రే వంటి కిరణాలు ఉండవు. గర్భాశయం వెలుపల ఏర్పడిన గర్భాన్ని సకాలంలో పసిగట్టి తల్లి ప్రాణం నిలిపేది ఈ పరీక్షే. ఒక్కొక్క పరీక్ష వలన ఒక్కొక్కరికి కలిగే సంక్రమణ ప్రమాదం స్వల్పమే. కాని ఆ స్వల్ప ప్రమాదం కూడా పూర్తిగా నివారించదగినది. నివారించదగినదానిని నివారించకపోవడమే నా ఫిర్యాదు.

ప్రోబులలో రకాలు

వైద్యులు చేతితో పట్టుకొని కడుపు మీద జరిపే పరికరాన్ని ప్రోబు అంటారు. చెవికి వినపడని ధ్వని తరంగాలను అది శరీరంలోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను గ్రహిస్తుంది. ప్రోబుకు, చర్మానికి నడుమ గాలి ఉంటే తరంగాలు లోపలికి చొరబడవు. అందుకే జెల్ పూస్తారు.

కడుపు, మెడ, రొమ్ము వంటి భాగాలను చూసే ప్రోబులు చర్మాన్ని మాత్రమే తాకుతాయి. మరికొన్ని ప్రోబులు శరీరం లోపలికి వెళ్తాయి. గర్భాశయాన్ని, అండాశయాలను దగ్గరగా చూడడానికి యోని మార్గం ద్వారా వాడే ప్రోబు వీటిలో ముఖ్యమైనది. దీనినే వాడుకలో లోపలి స్కానింగు అంటారు. మగవారిలో ప్రోస్టేటు గ్రంథిని చూడడానికి మలద్వారం ద్వారా, గుండెను వెనుక నుండి చూడడానికి అన్నవాహిక ద్వారా పంపే ప్రోబులు కూడా ఉన్నవి. సంతాన సాఫల్య కేంద్రాలలో చికిత్స పొందే స్త్రీకి ఒక్క ఋతుచక్రంలోనే పలుమార్లు లోపలి స్కానింగు చేస్తారు. ఆ కేంద్రాలు నేడు మన జిల్లా పట్టణాలకు కూడా వచ్చినవి. అందుచేత ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు.

ఏ పరికరానికి ఎంత శుద్ధి?

అమెరికాకు చెందిన సూక్ష్మజీవశాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ వైద్య పరికరాలను మూడు తరగతులుగా విభజించి అరవై ఏళ్ళు దాటినది. నేటికీ ప్రపంచమంతటా అదే ప్రమాణం. చెక్కు చెదరని చర్మాన్ని మాత్రమే తాకేవి మొదటి తరగతి. వాటికి సాధారణ క్రిమినాశనం సరిపోతుంది. శరీరం లోపలి శ్లేష్మపు పొరలను తాకేవి రెండవ తరగతి. వాటికి ఉన్నత స్థాయి క్రిమినాశనం అవసరం. అంటే కొన్ని మొండి సిద్ధబీజాలు తప్ప బాక్టీరియాలు, క్షయ క్రిములు, శిలీంధ్రాలు, వైరసులు అన్నీ నశించాలి. రక్తనాళాలలోకి, శుద్ధమైన కణజాలంలోకి వెళ్ళే సూదులు, శస్త్రాలు మూడవ తరగతి. వాటి మీద ఏ సూక్ష్మజీవీ మిగలరాదు.

లోపలి స్కానింగు ప్రోబు రెండవ తరగతికి చెందినది. ఇందులో వైద్యుల మధ్య వివాదం లేదు. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో సంక్రమణ నివారణకు జాతీయ మార్గదర్శకాలను కూడా వెలువరించినది. కాబట్టి నియమం తెలియక కాదు, నియమం గదిలోకి రాక ఈ లోపం కొనసాగుతున్నది.

తొడుగు ఉన్నది కదా!

ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం, “ప్రతి ఒక్కరికీ కొత్త తొడుగు వేస్తున్నాము కదా” అని. నిజమే. లోపలి ప్రోబుకు కండోము గాని, ప్రత్యేకంగా తయారైన తొడుగు గాని వేస్తారు. అది తప్పనిసరి కూడా. కాని తొడుగు శుద్ధికి బదులు కాదు.

తొడుగులకు కంటికి కనపడని చిల్లులు పడతాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2008లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ విషయమై కొన్ని పరిశోధనలను ఉదహరించినవి. ఒక పరిశోధనలో కండోములలో 1.7 శాతం, ప్రత్యేక తొడుగులలో 8.3 శాతం కారినవి. సూదితో అండాలను సేకరించే ప్రక్రియ తరువాత పరీక్షించినప్పుడు ఇద్దరు తయారీదారుల తొడుగులలో 75 శాతం, 81 శాతం వాటికి చిల్లులు కనిపించినవి. పైగా వాడిన తొడుగును తీసేటప్పుడు దాని మీది స్రావాలు ప్రోబుకు, పిడికి, పరీక్షించే వారి చేతికి అంటుకొనవచ్చును. అందుకే తొడుగు వేసినా వేయకపోయినా ప్రతి రోగికి తరువాత ఉన్నత స్థాయి క్రిమినాశనం జరగాలని ఆ మార్గదర్శకాలు చెప్తున్నవి.

మన ఇళ్ళలో ఒకరు కరచుకొని త్రాగిన గ్లాసును కడగకుండా మరొకరికి ఇవ్వము. ఎంగిలి అంటాము. ఆ గ్లాసుకు పలుచని కాగితం చుట్టి, కాగితం మాత్రం మార్చి అందిస్తే మీరు పుచ్చుకొంటారా? నోటి విషయంలో మనకు ఇంత పట్టింపు ఉండగా, అంతకంటె సున్నితమైన అవయవం విషయంలో పట్టింపు లేకపోవడం వింత.

జరిగిన అనర్థాలు

“ఇన్నేళ్ళుగా చేస్తున్నాము, ఎవరికి ఏమైనది?” అన్నది రెండవ సమాధానం. ప్రోబు ద్వారా సోకిన వ్యాధిని ప్రోబుతో ముడిపెట్టడం చాలా కష్టం. యోని స్రావాలతో, మూత్రంలో మంటతో పది రోజుల తరువాత ఒక స్త్రీ వేరొక వైద్యుని వద్దకు వెళ్తుంది. ఆయన యాంటీబయాటిక్ వ్రాసి ఇస్తాడు. స్కానింగు సంగతి ఆయన అడగడు, ఆమె చెప్పదు. వెదకనిది కనపడదు. కనపడనంత మాత్రాన లేదని చెప్పలేము.

వెదకినచోట ఏమి తేలినదో చూడండి. స్కాట్లండులో 2010 నుండి 2016 వరకు జాతీయ ఆరోగ్య సమాచారాన్ని పరిశోధకులు పరిశీలించారు. యోని మార్గపు స్కానింగు చేయించుకొన్న స్త్రీలను, స్కానింగు లేకుండా ఇతర స్త్రీవైద్య ప్రక్రియలు చేయించుకొన్న వారితో పోల్చారు. తరువాతి 30 రోజులలో మొదటి వర్గంలో బాక్టీరియా పరీక్ష ఫలితాలు ధనాత్మకంగా రావడం 41 శాతం, యాంటీబయాటిక్ మందులు వ్రాయించుకోవడం 26 శాతం అధికంగా ఉన్నవి. ఇటువంటి పోలిక ప్రోబే కారణమని నిరూపించదు. కాని “ఎవరికీ ఏమీ కాలేదు” అనే ధీమాకు ఇక తావు లేదు.

బ్రిటన్‌లో 2012లో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసినది. ఒక రోగి హెపటైటిస్-బి వ్యాధితో మరణించగా, అన్నవాహిక ద్వారా గుండెను పరీక్షించే ప్రోబును రోగికి, రోగికి నడుమ సరిగా శుద్ధి చేయకపోవడం అందుకు కారణమై ఉండవచ్చునని ఆ హెచ్చరిక తెలిపినది. హెపటైటిస్-బి వైరస్ ఎండిన ఉపరితలం మీద కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు. కంటికి పొడిగా, శుభ్రంగా కనిపించే ప్రోబు నిజంగా శుభ్రమైనదని చెప్పలేకపోవడానికి ఇది ఒక్కటి చాలు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ప్రధాన కారణమైన హెచ్.పి.వి. విషయం మరొకటి. క్రిమినాశక కాగితంతో తుడిచిన తరువాత కూడా ప్రోబుల మీద ఈ వైరసు జన్యు పదార్థం మిగిలి ఉండడాన్ని పరిశోధకులు గమనించారు. జన్యు పదార్థం కనపడినంత మాత్రాన సజీవ వైరసు ఉన్నదని కాదు. కాని ఈ వైరసుకు క్రొవ్వు పొర ఉండదు. అందువలన స్పిరిట్ వంటి వాటికి అది తేలికగా లొంగదు. మన దేశపు స్త్రీలలో రొమ్ము క్యాన్సరు తరువాత ఎక్కువగా కనిపించేది ముఖద్వార క్యాన్సరే. కాబట్టి సందేహాన్ని రోగి పక్షాన తీర్చడమే న్యాయం.

జెల్ సీసా కథ

ప్రోబుతో పాటు జెల్‌ను కూడా గమనించాలి. 2012లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 16 మంది శస్త్రచికిత్స రోగులకు సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరినది. కారణం వెదకగా అది అల్ట్రాసౌండు జెల్‌లో దొరికినది. 2021లో బర్ఖోల్డేరియా అనే మరొక బాక్టీరియాతో కలుషితమైన జెల్‌ల వాడకాన్ని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆపించవలసి వచ్చినది. మన దేశపు ఆసుపత్రులనుండి కూడా ఇటువంటి నివేదికలు వైద్య పత్రికలలో వచ్చినవి.

జెల్ క్రిములను చంపదు. పైగా కొన్ని క్రిములు అందులో సుఖంగా జీవిస్తాయి. పెద్ద డబ్బాలోని జెల్‌ను చిన్న సీసాలోకి, ఆ సీసాను కడగకుండానే, మళ్ళీ మళ్ళీ నింపడం మంచి అలవాటు కాదు. సీసా ముక్కును రోగి చర్మానికి గాని, ప్రోబుకు గాని తాకించడం కూడా అంతే. శ్లేష్మపు పొరలను తాకేచోట, సూది గుచ్చేచోట సూక్ష్మజీవరహితమైన జెల్ పొట్లాన్ని అప్పటికప్పుడు విప్పి వాడాలి.

సరైన పద్ధతి

సరైన శుద్ధి కష్టమైన విద్య కాదు. వరుస తప్పకుండా చేయడమే ముఖ్యం. మొదట చేతి తొడుగులతో ప్రోబు తొడుగును తీసి పారవేయాలి. ప్రోబు మీది జెల్‌ను పూర్తిగా తుడిచి, తయారీదారు సూచించిన ద్రవంతో కడగాలి. ఈ మెట్టును దాటవేస్తే మిగిలినదంతా వృథా. జెల్, స్రావాలు పొరగా నిలిచి క్రిములకు డాలువలె పనిచేస్తాయి. మందు వాటి అడుగుకు చేరదు.

తరువాత ఉన్నత స్థాయి క్రిమినాశనం. గ్లూటరాల్డిహైడు, ఆర్థోథాలాల్డిహైడు వంటి ద్రావణాలలో ముంచడం పాత పద్ధతి. మన ఆసుపత్రులలో వ్యాపార నామంతో ‘సైడెక్స్’ అని పిలిచే ద్రావణాలు ఈ జాతివే. 0.55 శాతం ఆర్థోథాలాల్డిహైడు అయితే అమెరికా ప్రమాణాల ప్రకారం 12 నిమిషాలు ముంచాలి. పిమ్మట మందు మిగలకుండా మంచినీటితో బాగుగా కడిగి ఆరబెట్టాలి. లేకపోతే ఆ రసాయనమే రోగికి మంట పుట్టిస్తుంది. ద్రావణం బలం తగ్గినదా అని పరీక్ష పట్టీతో చూడాలి, గడువు దాటితే పారబోయాలి. గదిలో గాలి ఆడాలి. ఆ ఆవిరి అక్కడ పనిచేసే వారి కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ముంచడంలో ఒక లోపం కూడా ఉన్నది. ప్రోబు కొన మునుగుతుంది, పిడి మునగదు. హైడ్రోజన్ పెరాక్సైడు పొగమంచుతో సుమారు 7 నిమిషాలలో ప్రోబును, పిడిని కలిపి శుద్ధి చేసే యంత్రాలు, అతినీలలోహిత కాంతితో పనిచేసే యంత్రాలు, క్లోరిన్ డయాక్సైడు తుడుపు కాగితాలు నేడు లభిస్తున్నవి. ఏ పద్ధతి అయినా ఆ ప్రోబు తయారీదారు ఆమోదించినదై ఉండాలి. స్పిరిట్ దూదితో ఒకసారి తుడవడం ఈ కోవకు రాదు. అది క్రిములను పూర్తిగా చంపదు, ప్రోబు ముఖాన్ని పాడుచేయవచ్చును కూడా. చర్మం మీద వాడే ప్రోబులకు జెల్ తుడిచి, తగిన క్రిమినాశక కాగితంతో ప్రతి రోగికి తరువాత శుభ్రం చేస్తే చాలు. కాని ఉదయం నుండి సాయంత్రం వరకు ఒకే తువ్వాలుతో అందరి తరువాతా తుడవడం శుభ్రం చేయడం కాదు, పంచిపెట్టడం.

లెక్క ఎక్కడ తప్పుతున్నది?

మూడవ సమాధానం నిజాయితీతో కూడినది. “రోగులు ఎక్కువ, సమయం తక్కువ.” దీనిని తోసిపుచ్చలేము. ఒక్క లోపలి ప్రోబుతో నాలుగు గంటలలో 30 మందికి పరీక్ష చేస్తే ఒక్కొక్కరికి వచ్చేది 8 నిమిషాలు. పరీక్షకే అది సరిపోతుంది. 12 నిమిషాలు ముంచే ద్రావణానికి అందులో చోటు ఎక్కడిది? ఆ లెక్కలో ఎవరి చెడ్డతనమూ లేదు, కాని శుద్ధి కూడా లేదు.

పరిష్కారం కూడా లెక్కలోనే ఉన్నది. రెండు మూడు ప్రోబులు ఉంటే ఒకటి శుద్ధి అవుతూ ఉండగా మరొకటి వాడవచ్చును. త్వరగా పనిచేసే విధానం ఎన్నుకొంటే ప్రోబుల సంఖ్య తగ్గించుకోవచ్చును. ఈ ఖర్చు నిజమైనదే. చిన్న పట్టణంలో అప్పు చేసి యంత్రం కొన్న వైద్యునికి అది భారమే. కాని యంత్రం కొనేటప్పుడు ప్రోబు, ప్రింటరు, బ్యాటరీ లెక్క వేసినట్లే శుద్ధి పరికరాన్ని కూడా లెక్క వేయాలి. శుద్ధి చేయలేని ప్రోబు పూర్తిగా కొన్న ప్రోబు కాదు. అవసరమైతే పరీక్ష రుసుము కొద్దిగా పెంచి, ఎందుకు పెంచామో చెప్పాలి. కారణం చెప్తే మన ప్రజలు అర్థం చేసుకొంటారు.

మీరు ఏమి అడగాలి?

పరీక్ష బల్ల మీద, సగం వస్త్రాలతో పడుకొన్న స్త్రీ ప్రశ్నలు వేయగల స్థితిలో ఉండదు. సిగ్గు, భయం, ఫలితం ఏమవుతుందోనన్న ఆందోళన ఆమె నోరు కట్టివేస్తాయి. కాబట్టి టోకెను తీసుకొనేటప్పుడే, బల్ల దగ్గరకు రాకముందే అడగండి. వెంట వచ్చిన భర్త, తల్లి, అత్తగారు అడిగినా మంచిదే. నిలదీయనక్కరలేదు. “సిస్టర్, లోపలి స్కానింగు ప్రోబును ఒకరికి వాడిన తరువాత ఏ మందుతో శుద్ధి చేస్తారండీ? ఎంతసేపు ఉంచుతారండీ?” అంటే చాలు. సరిగా చేసేవారు వెంటనే మందు పేరు, నిమిషాల లెక్క చెప్తారు. “తొడుగు వేస్తాము లెండి” అన్నదే సమాధానమైతే, “తొడుగుతో పాటు శుద్ధి కూడా చేస్తారా, డాక్టరు గారూ?” అని మర్యాదగా వైద్యులనే అడగండి. కొత్త తొడుగును మీ ఎదుట వేయమని కోరండి. రబ్బరు పాలతో చేసిన వస్తువులు మీకు పడకపోతే ముందే చెప్పండి. పరీక్ష అత్యవసరమైతే మాత్రం ఈ ప్రశ్నల కొరకు దానిని వాయిదా వేయవద్దు.

హెపటైటిస్-బి టీకా తీసుకోనివారు తీసుకోండి. ఆడపిల్లలకు తగిన వయస్సులో హెచ్.పి.వి. టీకా వేయించండి. ఈ రక్షణలు స్కానింగు గదిలోనే కాక అన్నిచోట్లా పనికివస్తాయి.

రెండవ బోర్డు

రోగి అడిగితేనే శుద్ధి జరిగే వ్యవస్థ మంచి వ్యవస్థ కాదు. అడగలేని వారికి కూడా అదే రక్షణ అందాలి. అందుకే ఇది బోర్డు రూపంలో గోడకెక్కాలి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉద్దేశం వేరు, దానిలో దీనిని కలపమని నేను కోరడం లేదు. ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే ఒక చట్టం వచ్చినది. అటువంటి నమోదు నిబంధనలలో ప్రోబుల శుద్ధి పుస్తకాన్ని ఒక షరతుగా చేర్చితే చాలు. ప్రతి పరీక్షకు ఎదురుగా ప్రోబు సంఖ్య, శుద్ధి చేసిన సమయం, చేసినవారి సంతకం. ఫారం ‘ఎఫ్’ నింపగలిగిన చేతులకు ఈ ఒక్క వరుస బరువు కాదు.

ప్రభుత్వం చెప్పేవరకు ఆగనక్కర కూడా లేదు. ఈ వ్యాసం చదివే వైద్యులు రేపే తమ కేంద్రంలో ఈ మాటలు వ్రాయించవచ్చును : “శరీరం లోపల వాడే ప్రోబులను ప్రతి రోగికి తరువాత ఉన్నత స్థాయి క్రిమినాశనం చేస్తాము. మేము వాడే విధానము, పట్టే సమయము ఇవి. నమోదు పుస్తకాన్ని అడిగి చూడవచ్చును.” ఈ మూడు వాక్యాలు వ్రాయించగలిగిన కేంద్రాన్ని మీరు నమ్మవచ్చును. వ్రాయించలేకపోతే, ఆ కారణాన్ని అక్కడివారు తమను తామే ప్రశ్నించుకోవాలి.